మన ఊరికి రాని బ్యాండ్లు

(విశాఖపట్నంలో సంగీతాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, పెద్దలకు, కుర్చీలు ఖాళీగా ఉన్నా వెనక నిలబడే వింటామని పట్టుబట్టిన యువమిత్రులకు నమస్కారం.

ఇలాంటి వేదికల మీద మాట్లాడేవారికి సాధారణంగా ఏదో ఒక వాయిద్యం వచ్చి ఉంటుంది. నాకు గిటారు శ్రుతి చేయడం కూడా రాదు. నేను కేవలం శ్రోతను, అందులోనూ సౌండ్ ఇంజనీరు కూర్చునే చోటికి కాస్త ముందు నిలబడే స్థలం కోసం గంట ముందే వెళ్లి కాచుకునే రకం శ్రోతను. నిర్వాహకులు నన్ను అడిగిన ప్రశ్న సూటిగానే ఉంది: ఇండీ రాక్, అంటే పెద్ద రికార్డు కంపెనీల అండ లేకుండా బ్యాండ్లు తమంతట తాము చేసుకునే రాక్ సంగీతం, కచేరీకి వెళ్లి వినడంలోనూ, అదే బ్యాండు వీడియోను ఇంట్లో కూర్చుని చూడడంలోనూ ఉన్న ఆనందం ఒకటేనా, రెండోది చేతిలో ఉండగా మొదటిదాని కోసం రైలెక్కడం దేనికి? నా సమాధానం ముందే చెప్పేస్తాను. విశాఖలో ఉండే శ్రోతకు వీడియో లేకుండా ఈ సంగీతమే లేదు. అయితే అన్ని వీడియోలూ మనల్ని కచేరీకి సిద్ధం చేయవు. ఎన్నో కెమెరాలతో తీసి, కడిగి తుడిచి పెట్టిన వీడియోల కన్నా, జనంలో నిలబడి ఎవరో ఫోనుతో తీసిన వణికే వీడియోలే ఆ పనిని బాగా చేస్తాయని నా నమ్మకం. ఈ చివరి మాటను మీలో చాలామంది ఒప్పుకోరని తెలుసు కనుక దాని మీదే ఎక్కువసేపు మాట్లాడతాను.

ముందుగా, ఈ సంగీతంతో పరిచయం లేనివారి కోసం కొంత నేపథ్యం. 1977 జనవరిలో మాంచెస్టర్ ప్రాంతానికి చెందిన బజ్‌కాక్స్ అనే బ్యాండు, పెద్ద రికార్డు కంపెనీల గుమ్మాల దగ్గర పడిగాపులు కాయకుండా, తెలిసినవాళ్ల దగ్గర సుమారు 500 పౌండ్లు అప్పు చేసి నాలుగు పాటల రికార్డును తామే విడుదల చేసుకుంది. మొదట వేసినవి 1000 ప్రతులు మాత్రమే. అవి అమ్ముడుపోయాయన్న వార్త చాలామంది కుర్రాళ్లకు ధైర్యాన్నిచ్చింది. మరుసటి ఏడాదే లండన్‌లో రఫ్ ట్రేడ్, మాంచెస్టర్‌లో ఫ్యాక్టరీ అనే చిన్న సంస్థలు రికార్డులు తీయడం మొదలుపెట్టాయి. 1980 నాటికి బ్రిటన్‌లో ఇలాంటి స్వతంత్ర సంస్థల రికార్డులకు వేరే చార్టే, అంటే అమ్మకాల వరస పట్టికే, ఏర్పడింది. అదే ఏడాది అమెరికాలో, వాషింగ్టన్ నగరంలో, డిస్కార్డ్ అనే సంస్థ పుట్టింది. మన దేశంలో 1986 నుంచి ముంబైలో ఇండిపెండెన్స్ రాక్ ఉత్సవం, 1990లో ఢిల్లీలో ఇండియన్ ఓషన్ బ్యాండు, 2010లో పుణెలో ఎన్‌హెచ్7 వీకెండర్ ఉత్సవం, 2012లో అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరో లోయలో సంగీతోత్సవం మొదలయ్యాయి. వీటిలో ఏదీ మన తీరానికి దగ్గరలో లేదని మీరు గమనించే ఉంటారు.

ఎందుకు లేదన్నది ఆలోచించదగిన విషయమే. మన ఊళ్లో వేదికలు రెండు రకాలు. ఒకటి బీచ్ రోడ్డు మీదో, పెద్ద మైదానంలోనో వేలమంది కోసం వేసే వేదిక; అది సినీ సంగీత విభావరులకు సరిపోతుంది. రెండోది గురజాడ కళాక్షేత్రం, కళాభారతి, చిల్డ్రన్స్ ఎరీనా వంటి కుర్చీలున్న సభామందిరం; అది శాస్త్రీయ సంగీతానికి, నాటకానికి, సన్మానానికి సరిపోతుంది. ఇండీ బ్యాండుకు కావలసింది ఈ రెంటి మధ్యది. రెండు మూడు వందల మంది నిలబడి వినగల గది, అందులో ముందే అమర్చి ఉంచిన డ్రమ్ కిట్టు, గిటారు ఆంప్లిఫయర్లు, వాటి శబ్దాన్ని గదికి తగ్గట్టు సరిచూడగల మనిషి ఉండాలి. బెంగళూరులో, హైదరాబాదులో అలాంటి చోట్లున్నాయి కాబట్టి బ్యాండ్లు శుక్ర, శని, ఆదివారాలను ఆ ఊళ్లకే పంచుకుంటాయి. నలుగురు వాద్యకారులు, ఒక సౌండ్ ఇంజనీరు, వారి సామాను విశాఖకు రావడానికయ్యే విమాన ఖర్చును మూడు వందల టికెట్లు భరించలేవు. అందుకే మనం వెళ్తాం. శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, శనివారం పొద్దున హైదరాబాదులో దిగి, రాత్రి కచేరీ విని, ఆదివారం సాయంత్రం అదే బండికి తిరుగు ప్రయాణమై, సోమవారం స్టేషన్ నుంచి నేరుగా ఆఫీసుకు వెళ్లినవాళ్లు ఈ గదిలో నాతోపాటు ఇంకా కొందరున్నారు. తలలు వంచుకోనక్కర్లేదు, మీ పైఅధికారులు ఈ సభకు రాలేదు.

ఈ పరిస్థితి తెలుగువారికి కొత్తదేమీ కాదు. పద్యనాటకం వెలిగిన రోజుల్లో నాటక సమాజాలు అన్ని ఊళ్లకూ వచ్చేవి కావు. అవి రాని చోటికి గ్రామఫోను వచ్చేది. పది అంగుళాల 78 ఆర్‌పీఎం రికార్డు ఒక్కో వైపు పట్టేది దాదాపు మూడు నిమిషాలు. రంగస్థలం మీద రాగం తీస్తూ నటుడు తన ఇష్టం వచ్చినంతసేపు సాగదీసే పద్యం ఆ మూడు నిమిషాల్లో ఒదిగిపోవలసి వచ్చేది. రికార్డు విన్నవాడికి పద్యం నోటికి వచ్చేది, కానీ దానితో వన్స్ మోర్ అనడానికి వీలుండేది కాదు. ముల్లును మళ్లీ మొదట్లో పెడితే వచ్చేది అక్షరం మారని అదే పద్యం. నాటకశాలలో వన్స్ మోర్ అంటే నటుడు జనం ముఖాలు చూసి, ఎక్కడ ఈల పడిందో గుర్తుపెట్టుకుని, రెండోసారి అక్కడే ఇంకాస్త నిలిచేవాడు. శ్రీకృష్ణ పాత్రకు పేరుపొందిన మన ఉత్తరాంధ్ర నటుడు పీసపాటి నరసింహమూర్తి గారిని చూసిన పెద్దలు మా ఇంట్లో ఉండేవారు. వారు ఆయన గొంతు గురించి ఎంత చెప్పేవారో, పద్యం తర్వాత పందిట్లో లేచిన గోల గురించీ అంతే చెప్పేవారు. కచేరీకి వెళ్లిన రాక్ అభిమానిని మర్నాడు పలకరించి చూడండి, అతడూ పాటల జాబితా కన్నా ముందు జనం గురించే చెబుతాడు.

కాబట్టి ఒక కచేరీ వీడియో మంచిదా కాదా అని నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇందులో జనాన్ని ఏం చేశారు?

యూట్యూబ్ 2005లో మొదలైంది. ఆ మరుసటి ఏడాదే పారిస్‌లో లా బ్లోగోతెక్ అనే సంగీత బ్లాగువారు బ్యాండ్లను వేదిక మీది నుంచి దించి వీధుల్లో, మెట్ల మీద, కేఫేల్లో పాడించి, ఒక్క కెమెరాతో వెంట నడుస్తూ చిత్రించడం మొదలుపెట్టారు. వాటికి తొలినాళ్లలో దర్శకుడు విన్సెంట్ మూన్. 2007లో ఆర్కేడ్ ఫైర్ అనే కెనడా బ్యాండును పారిస్‌లోని ఒలింపియా థియేటర్ సరుకుల లిఫ్టులో ఇరికించి పాడించారు. వాయిద్యాలు పట్టుకుని కదలడానికి చోటు లేని ఆ పెట్టెలో ఒకతను పత్రిక కాగితాలు చించుతూ ఆ చప్పుడుతోనే తాళం వేస్తాడు. అక్కడ జనం లేరు, కానీ జనం కిక్కిరిసిన గదిలో ఉండే ఉక్కిరిబిక్కిరితనం ఉంది. జనం లేని లోటును ఇరుకుతనంతో పూడ్చడమన్న ఆలోచనకు నేను ఇప్పటికీ చేతులు జోడిస్తాను.

అమెరికా ప్రజా రేడియో ఎన్‌పీఆర్ వారి టైనీ డెస్క్ అనే కచేరీ వీడియోల వరస 2008లో మొదలైంది. దాని పుట్టుక కథ మన చర్చకు సరిగ్గా సరిపోతుంది. ఆస్టిన్ నగరంలో జరిగిన ఒక ఉత్సవంలో లారా గిబ్సన్ అనే గాయని పాడుతుంటే, చుట్టూ మాట్లాడుకుంటున్న జనం రొదలో ఆమె గొంతు వినబడలేదు. ఆ రేడియోలో పనిచేసే బాబ్ బోయిలెన్, స్టీఫెన్ థాంప్సన్ విసుగెత్తి, దీనికన్నా మా ఆఫీసు బల్ల దగ్గరకొచ్చి పాడినా నయమే అనుకున్నారు. సరదాగా అన్న మాట నిజమైంది. ఆ బల్ల దగ్గర గాయకుల గొంతును గదిలోకి పెంచి వినిపించే స్పీకర్లుండవు. తన గొంతు తనకు వినబడాలంటే డ్రమ్మర్ మెల్లగా వాయించాలి, గిటారిస్టు తగ్గాలి. పెద్ద వేదికల మీద ఆంప్లిఫయర్ల చాటున దాక్కునే బ్యాండ్లు అక్కడ ఒకరినొకరు వినక తప్పదు. సియాటిల్‌లోని కేఈఎక్స్‌పీ రేడియో వారి స్టూడియో వీడియోలు మరో దారి. వెనక చిన్న చిన్న దీపాల తోరణాలు, ఎన్నో కెమెరాలు, ప్రతి వాయిద్యం విడివిడిగా వినబడే మిక్సింగ్. మంద్రస్వరాలు పలికే బేస్ గిటారు ఏం చేస్తోందో నా చెవి విడదీసి పట్టుకోవడం నేర్చుకున్నది ఆ వీడియోల దగ్గరే. నాకు వాటి మీద ఉన్న కృతజ్ఞత చిన్నది కాదు.

అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఈ మూడింట్లోనూ బ్యాండు ఓడిపోయే అవకాశం లేదు. బాగా రాని పాటను వీడియోలో పెట్టకుండా వదిలేయవచ్చు. కచేరీలో బ్యాండు ప్రతి పాటకూ ఓడిపోవచ్చు, జనానికి ఆ సంగతి తెలుసు. ఆనందంలో సగం అక్కడే ఉంది.

దీనికి ఉదాహరణ మన ఊళ్లోనే దొరికింది. ఒక చిన్న హాల్లో స్థానిక కుర్రాళ్ల బ్యాండు వాయించింది. సముద్రం పక్కన ఉండేవారికి గిటారు తీగల గతి తెలిసిందే. కొత్త తీగలు సైతం ఉప్పుగాలికి త్వరగా గరుకెక్కి, వేలికి తుప్పు అంటుతుంది. మాటిమాటికీ కొత్త సెట్టు కొనడం విద్యార్థులకు భారం. పాట మధ్యలో, పల్లవి రెండోసారి అందుకుంటుండగా, గిటారిస్టుకు ఒక తీగ తెగింది. ట్రెమొలో బ్రిడ్జి, అంటే తీగల కొసలను పట్టుకుని స్ప్రింగుల మీద కదిలే దిమ్మె, ఉన్న గిటారులో ఒక్క తీగ తెగితే చాలు, మిగిలిన అయిదింటి బిగువు మారి మొత్తం శ్రుతి చెదురుతుంది. అతను వెనక్కి తిరిగి చూశాడు, రెండో గిటారు లేదు. బేస్ వాయించే కుర్రాడు చరణంలోకి పోకుండా అదే నాలుగు స్వరాల వరసను తిప్పుతూ ఉండిపోయాడు. డ్రమ్మర్ మోత తగ్గించి హైహ్యాట్ అనే జంట సింబల్స్ మీదకు వచ్చాడు. గాయకుడు మైకును జనం వైపు తిప్పి, చొక్కా చేతులు మడుచుకుంటూ తీరిగ్గా నిలబడ్డాడు. జనం పల్లవిని పాడారు, తప్పులతడకగా, ఎవరి శ్రుతిలో వారు. ఈలోగా అంతకు ముందు వాయించిన బ్యాండులోని అబ్బాయి తన గిటారు అందించాడు. దాని పట్టీ మరీ పొట్టిది, గిటారు మన గిటారిస్టు గడ్డం కిందకు వచ్చింది. ఆ అవస్థలోనే అతను చరణం అందుకుంటే హాలు అరిచిన అరుపు ఆ సాయంత్రమంతటిలోకీ పెద్దది.

తర్వాత బ్యాండువారు తమ వీడియో విడుదల చేశారు. అందులో ఆ ఘట్టం లేదు. రెండో పల్లవి నుంచి నేరుగా చరణానికి అతికించారు. అతుకు ఎంత నేర్పుగా వేశారంటే, ఒక్క క్షణంలో గాయకుడి చొక్కా చేతులు వాటంతటవే మడతపడడం చూస్తే తప్ప దొరకదు. వాళ్లను నేను తప్పుపట్టను, ఎవరికైనా తమ పని నిండుగా కనబడాలనే ఉంటుంది. కానీ ముందు వరసలో నిలబడిన ఒక అమ్మాయి ఫోనుతో తీసిన వీడియోలో అంతా ఉంది: తెగిన తీగ, పొట్టి పట్టీ, ఆమె పక్కనున్న స్నేహితురాలు గాయకుడిని మించిన గొంతుతో పాడుతున్న పల్లవి. నేను ఈనాటికీ మళ్లీ మళ్లీ చూసేది దాన్నే.

ఫోను వీడియోలో ధ్వని బాగుండదన్న అభ్యంతరం నిజమే. అది ఎందుకు బాగుండదో తెలిస్తే దాన్ని వినడం సులువవుతుంది. ఫోను మైకు మాటలు పట్టుకోవడానికి చేసినది. శబ్దం పెరిగినప్పుడు అది తనంతట తాను గ్రాహక శక్తిని తగ్గించుకుంటుంది, తగ్గినప్పుడు పెంచుకుంటుంది. అందువల్ల డ్రమ్ము పడిన ప్రతిసారీ గాయకుడి గొంతు మునిగి తేలుతుంది, పాటకూ పాటకూ మధ్య ఎవరో దగ్గితే అది పాటంత పెద్దగా వినబడుతుంది. తిరిగి వినేటప్పుడు ఫోను స్పీకరు మంద్ర ధ్వనులను దాదాపు పలికించలేదు. అయినా బేస్ స్వరం మనకు తెలుస్తూనే ఉంటుంది, ఎందుకంటే ప్రతి స్వరంతోపాటు దాని పైన పలికే హార్మోనిక్స్ అనే సన్నని అనుస్వరాలను బట్టి కింది స్వరం ఏదై ఉంటుందో మన మెదడు ఊహించి నింపుకుంటుంది. కచేరీలో ఆ ఊహ అక్కర్లేదు. కాలితో వాయించే కిక్ డ్రమ్ము దెబ్బ చెవికన్నా ముందు రొమ్ముకు తగిలినట్టుంటుంది, అరికాళ్ల కింద నేల కదులుతుంది. ఆరుబయట అయితే దూరం కూడా ఒక లెక్కే. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక, వేదికకు 34 మీటర్ల వెనక నిలబడినవాడికి డ్రమ్మర్ చెయ్యి పడిన పదో వంతు సెకను తర్వాత దెబ్బ వినబడుతుంది. కళ్లు మూసుకుంటే అంతా సరిపోతుంది. బీచ్ రోడ్డు మీద దీనికి గాలి కూడా తోడవుతుంది. సముద్రపు గాలి విసురు మారినప్పుడల్లా డ్రమ్ కిట్టులోని సింబల్స్ చప్పుడు, గిటారు పైస్వరాలు దగ్గరకు వచ్చి దూరంగా పోతుంటాయి. స్పీకర్లు పాడైపోయాయనుకుని నిర్వాహకులను తిట్టుకునేవారు చాలామంది. ఆ పాపం చాలాసార్లు గాలిది.

జనం రొదతో సహా దాచుకోవాలన్న ఆలోచన నా ఒక్కడిదే అనుకోకండి. వాషింగ్టన్‌కు చెందిన ఫుగాజీ అనే బ్యాండు 1987 నుంచి 2003 దాకా వెయ్యికి పైగా కచేరీలు చేసింది. సాధ్యమైనంత వరకు టికెట్టు అయిదు డాలర్లే ఉంచారు, ఏ వయసువారినైనా రానిచ్చారు, ముందు వరసలో ఎవరైనా తోపులాటకు దిగితే పాట ఆపి మరీ మందలించారు. వారి సౌండ్ ఇంజనీర్లు 800కు పైగా కచేరీలను రికార్డు చేసి ఉంచగా, 2011 చివర వాటిని ఒక్కొక్కటిగా జనానికి అందుబాటులో పెట్టడం మొదలుపెట్టారు. ఊరు, తేదీ, హాలు పేరుతో సహా ఉంటాయి. మంచి కచేరీలను మాత్రమే ఏరిపెట్టలేదు. గాయకుడు జనంతో వాదించినవీ, శ్రుతి తప్పినవీ అలాగే ఉన్నాయి. అంతకు ముందే గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికా బ్యాండు 1984 నుంచి తమ కచేరీలను టేపు చేసుకునే అభిమానులకు హాల్లో ప్రత్యేక స్థలమే కేటాయించింది. మన ఇండియన్ ఓషన్ సంగతీ చూడండి. 1997 జనవరి 1న ఢిల్లీలో వీధి నాటక కళాకారుడు సఫ్దర్ హష్మీ స్మృతిలో జరిగిన సభలో వాళ్లు వాయించినదాన్ని టేపు చేయగా, అదే వారి రెండో ఆల్బమ్ అయింది. స్టూడియో దొరకకపోవడం ఒక్కోసారి మేలే చేస్తుంది.

తెలుగులో ఈ సంగీతం సంగతి క్లుప్తంగా చెబుతాను. మలయాళంలో అవియల్ బ్యాండు రాక్ సంగీతాన్ని జానపద బాణీతో కలిపి, ఇంగ్లీషులో పాడనక్కర్లేదని చాలా ముందే చూపించింది. మనకు హైదరాబాదు నుంచి చౌరస్తా బ్యాండు వచ్చింది. అందులో పాడిన రామ్ మిరియాల తర్వాత సినిమాల్లోనూ పేరు తెచ్చుకున్నారు. తెలుగులో పాడిన వీడియో ఒకటి చేతికి వస్తే మన కుర్రాళ్లు కచేరీలో చేసే గోలే వేరు. విశాఖ బ్యాండ్లు ఇప్పటికీ తమ కచేరీలో ముప్పాతిక వంతు ఇతరుల పాటలే వాయిస్తున్నాయి. జనం అడుగుతారని వాళ్లంటారు, నిజమే. అయితే అడగడం మన పనే కాబట్టి ఈసారి వాళ్ల సొంత పాటలు అడగండి.

ఇక వెళ్లేవారికి కొన్ని మాటలు. దేశమంతటా రాత్రి 10 గంటల తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదన్న నిబంధన 2000 సంవత్సరం నుంచి ఉంది. కాబట్టి ఎనిమిదికి వస్తే చాలనుకునేవారు సగం కచేరీ పోగొట్టుకుంటారు. తొలి బ్యాండుకే వెళ్లండి, తీగ తెగినప్పుడు గిటారు ఇచ్చేది వాళ్లే. చెవుల గురించి పెద్దవాళ్లు భయపడడంలో న్యాయముంది. కచేరీ వేదికల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది, కానీ చిన్న హాళ్లలో కొలిచేవారు తక్కువ. దూది పెట్టుకుంటే పెద్దగా లాభం లేదు. చవకరకం నురగ ఇయర్‌ప్లగ్గులైనా జేబులో ఉంచుకోండి, స్పీకరు పెట్టెకు ఎదురుగా నిలబడకండి. వాయిద్యాలన్నీ సమంగా వినబడే చోటు సౌండ్ ఇంజనీరుకు కాస్త ముందు ఉంటుందని మొదట్లోనే చెప్పాను. ఆ స్థలం నాకు కొంచెం వదిలిపెట్టండి.

ఫోను తీయవద్దని నేను అనను, ఇంతసేపు దాన్ని వెనకేసుకొచ్చి ఇప్పుడు ఎలా అంటాను? బ్యాండు వద్దంటే మాత్రం తీయకండి. వాళ్లు ఒప్పుకుంటే, కచేరీ మొత్తంలో ఒక్క పాట తీయండి, దాన్ని పూర్తిగా తీయండి: ముందు శ్రుతి చూసుకునే టింగు టింగుల నుంచి, చప్పట్లు ఆగిపోయి డ్రమ్మర్ నీళ్లు తాగేదాకా. ముప్పయి సెకన్ల ముక్కలు మీ స్నేహితులకు పనికొస్తాయేమో గానీ, రేపు శ్రీకాకుళంలోనో అనకాపల్లిలోనో కూర్చుని ఈ బ్యాండు ఎలా వాయిస్తుందో తెలుసుకోవాలనుకునే వాడికి పనికిరావు. అప్‌లోడ్ చేసేటప్పుడు బ్యాండు పేరు, హాలు పేరు, ఊరు, తేదీ రాయండి. తీస్తున్నంతసేపూ ఫోనును తల మీదకు ఎత్తకుండా రొమ్ము ఎత్తులో పట్టుకోండి, వెనకనున్నవారికి వేదిక కనబడుతుంది, మీ చేతులూ అంతగా వణకవు.